ఏనుగుల నీళ్ళ పొద్దు

తుంపర పడినప్పుడల్లా మా నాయన కంబళి వాసనొస్తాది. మా ఆయన పోయినంక అత్తిముగం ఊర్లో అన్నీ ఇడిసిపెట్టి, ఆ కంబళొకటే సంకన పెట్టుకొని హోసూరులో కూతురింటికి వచ్చినాను. తడి బొచ్చు, కట్టెల పొగ, గొర్రె పాలు, అన్నీ కలిసిన వాసన. ముక్కుకి తగిలితే చాలు, మళ్ళా పావడా కట్టుకున్న పిల్లనై అడివంచుకి పోతాను.

ఎండాకాలం ఊర్లో మేపు అయిపోతే గొర్రెల్ని తోలుకొని డెంకణికోట అడివి పక్కకి పోతా ఉంటిమి. ఆడ ముండ్లకంప కొట్టి దొడ్డి కట్టేది, దాని పక్కనే మేము పండుకునేది, పొద్దున్నే రాగి అంబలి, కాల్చి నూరిన ఎండుమిరపకాయల ఊరిబిండి, ఆమీద కలేకాయలు కోసి చేతులంతా జిగురు. దొడ్డి కట్టకముందు నాయన నేలంతా తిరిగి ఏనుగు పేడ ఉందా అని చూసేవాడు. ఉంటే ఆ దోవ ఇడిసి పక్కకి జరిగేది. ఆడ ఒగ నీళ్ళ గుంట ఉండె. దాంట్లో నీళ్ళు మధ్యాన్నం దాకా మా గొర్రెలకి, పొద్దు వాలితే ఏనుగులకి. అది మా నాయన కట్టడి.

తల్లి సచ్చిపోతే, ఏలు పాలల్లో ముంచి చీకిస్తా నేను సాకిన గొర్రెపిల్ల ఒగటుండె. ఒగ సాయంత్రం మంద దొడ్డికి చేరినంక చూస్తే అది లేదు. గుంట బురదలో కూరుకుపోయి అరస్తా ఉంది. నేను పరిగెత్తేటప్పటికి అవతలి గట్టున చెట్లు కదిలినాయి. నాయన నా జడ పట్టుకొని ఆపినాడు. తల్లి ఏనుగు, దాని కాళ్ళ సందున గున్న.

మాతో వచ్చిన మా అమ్మ తమ్ముడు, మా మామ, తగరం డబ్బా ఎత్తుకున్నాడు. "కొట్టేదా బావా?"

"దించురా. వాళ్ళింటికి మనమొచ్చి వాళ్ళనే తరిమేదా?"

"నా పిల్ల సస్తాది నాయనా" అని నేను ఏడిస్తి.

"అరవొద్దు తల్లీ. గున్నకి దప్పికయితా ఉంది."

ఏనుగు తొండం సాచి గొర్రెపిల్ల ఈపు వాసన చూసి, బుస్సుమని ఊది, గున్నని అవతలి పక్కకి తోసుకొని నీళ్ళు తాగింది. తాగినంతసేపూ నాయన నా జడ ఇడవలేదు. అవి మళ్ళా చెట్లలో కలిసినంక నాయన మోకాళ్ళ దాకా బురదలో దిగి, పిల్లని లాగి, ఈ కంబళిలోనే చుట్టి నా ఒళ్ళో పెట్టినాడు.

తెల్లారి చూస్తే నాయన దొడ్డి పీకుతా ఉండాడు. ఇంత మంచి మేపు ఇడిసి యాడికి పోయేదని మామ గొణిగినాడు.

"మరీ దగ్గరికొచ్చేసినాంరా" అన్నాడు నాయన. "ఇంకొంచెం ఎడంగా ఉందాం."

ఇప్పుడు ఆ గుంట పూడ్చి ఇండ్ల జాగాలకి గోడ కట్టినారు. మొన్న మనవరాలు ఫోన్లో ఒగ వీడియో చూపించింది. ఆ గోడేనంట. దాని ముందర గున్నతో ఒగ ఏనుగు దారి తెలీక నిలబడింది, చుట్టూ జనం, ఈలలు, పటాకులు.

"దోవ ఇడవండప్పా, దానికి నీళ్ళ పొద్దు!" అని అరిచేసినాను.

మనవరాలు నా చెయ్యి పట్టుకొని, "ఫోన్లో అరిస్తే వాళ్ళకి ఇనపడదవ్వా" అన్నాది.