మా కుర్మయ్య పెద్దనాయన ఈ ఏడు పెట్టుకున్న గోల్

నిన్న పొద్దున మహేశ్ ఫోన్ చేసి "నాయన పోయిండన్నా" అన్నప్పుడు వనపర్తి బస్టాండ్‌లో నిలబడి ఉన్నాను.

ఎవరి నాయన అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న జన్మలో అడగలేదు.

మహేశ్ వాళ్ల నాయన అంటే మా కుర్మయ్య పెద్దనాయన. మా నాయనకు సొంత అన్న. మొన్న సాయంత్రం పొలం నుంచి నడుచుకుంటూ వచ్చాడట. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఏడుస్తూ రాస్తే ఆయనకు నచ్చదు. అందుకే ఆయన న్యూ ఇయర్ గోల్స్ గురించి రాస్తున్నా.

జనవరి ఒకటిన మా ఫ్యామిలీ గ్రూప్‌లో అందరం గోల్స్ పెడతాం. జిమ్, ఇంగ్లిష్, పది కిలోలు తగ్గడం. పెద్దనాయనకు టైపింగ్ రాదు, వాయిస్ మెసేజ్ పెట్టేవాడు.

ఒక ఏడు సిగరెట్ బంద్ చేస్తున్నానని ప్రకటించాడు. ఆయన బీడీ కూడా ముట్టిన మనిషి కాదు. మరుసటి ఏడు విమానం ఎక్కనన్నాడు. ఆ తర్వాత హైదరాబాద్‌లో విల్లా కొననన్నాడు. డిసెంబర్ రాగానే నేను పాస్, మీ సంగతేంది అని మమ్మల్ని ఆడుకునేవాడు.

నేను ఒకసారి గ్రూప్స్ పరీక్షల కోసం రోజూ నాలుగింటికి లేస్తానని పెట్టాను. వెంటనే ఫోన్ వచ్చింది. నాలుగింటికి మా కోడి కూడా లేవదురా, ఆరింటికి లేచి మళ్లీ పడుకోకుంటే చాలు అన్నాడు. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. ఉద్యోగమే ఇంకా రాలేదు, దానికి పెద్దనాయన పూచీ కాదు.

మా నాయన ఆ గ్రూప్‌లో లేడు.

ఎప్పుడో బోరు ఎక్కడ వేయాలన్న దగ్గర అన్నదమ్ములకు పంతం వచ్చింది. పెద్దనాయన కొబ్బరికాయతో చూపించిన చోటే వేశారు. చుక్క నీరు పడలేదు. నేను ముందే చెప్పిన అని మా నాయన నలుగురిలో అనేశాడు. ఆయనది అదే జబ్బు, ఎదుటివాళ్లు తప్పు మాట్లాడితే దిద్దకుండా ఉండలేడు.

అంతే. పెద్దమందడి పక్కన మా చిన్న ఊర్లో, ఒకే వీధిలో ఉంటూ ఏళ్లకేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఒకరు లేచాకే ఇంకొకరు బంతిలో కూర్చునేవారు.

ఈ జనవరిలో కూడా పెద్దనాయన వాయిస్ మెసేజ్ వచ్చింది. నవ్వడానికి రెడీ అయ్యే ఆన్ చేశాను. నాయన పక్కనే అన్నం తింటున్నాడు.

"ఈ ఏడు మా తమ్ముడు ఎదురైతే పలకరిస్త. కలిసిపోవుడు, ఇండ్లకు వచ్చుడు, గవన్నీ పెద్ద గోల్స్, మనతోని కావు. పలకరిచ్చుడు వరకే నాది. పలికేది పలకంది వాని ఇష్టం."

నాయన పళ్లెం పక్కకు జరిపాడు. చేయి కడుక్కుని లేచిపోయాడు.

మరునాడే పెద్దనాయన పాల సెంటర్ దగ్గర మొదలుపెట్టాడు. ఇద్దరూ పొద్దున అక్కడికే పాలు తెచ్చేవారు. చలి ఎక్కువుంది కదా అనేవాడు. నాయన క్యాన్ మూత సర్దుకునేవాడు. పల్లీ పీకుడు అయిందా అనేవాడు. నాయన రోడ్డు వైపు చూసేవాడు. నెలల తరబడి ఇదే కథ. సెంటర్‌లో వాళ్లే పాపమనిపించి ఇక వదిలెయ్యమన్నారు. ఆయన వినలేదు.

ఎండాకాలంలో ఒకరోజు, మీ బర్రె ఈనిందట గదా అన్నాడు.

ఈనింది ఆవు. మా నాయన ఆగలేకపోయాడు.

"బర్రె కాదు, ఆవు."

అన్నేళ్ల తర్వాత మొదటి మాట అది. పెద్దనాయన అక్కడి నుంచే గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. అందులో సగం నవ్వే వినిపించింది.

ఇక ఆ రోజు నుంచి పూటకో తప్పు. మంగళవారం నాడు రేపు ఆదివారం కదా అంటాడు. గద్వాల జిల్లాలో ఉన్న మానవపాడును మన వనపర్తి జిల్లాలోదే అంటాడు. మా నాయనకు ఒళ్లు మండి దిద్దేవాడు. దిద్దడం మొదలుపెడితే ఆయన ఒకపట్టాన ఆపడు. వానాకాలం వచ్చేసరికి క్యాన్లు ఖాళీ అయినా ఇద్దరూ అక్కడే కూర్చునేవారు. బోరు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒకరింటికి ఒకరు పోనూ లేదు.

ఆ ట్రిక్ మా నాయన ఒక్కడికే అర్థం కాలేదని ఊరంతా నవ్వుకుంది. మేమూ నవ్వుకున్నాం.

నిన్న పాడె ముందు కొమ్ము నాయనే ఎత్తుకున్నాడు. మోకాళ్ల నొప్పి కదా, మేం పడతాం అన్నా ఇవ్వలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి గడప దగ్గర కూర్చున్నాడు. అప్పుడన్నాడు.

"అన్న కావాల్నని తప్పులు చెప్తుండెనని నాకు ఎర్కనే. దిద్దకుంటే రేపు మాట్లాడడేమోనని భయమైతుండె."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"వదిన కాడికి వారానికొక్కసారి పోత. రోజు అంటే నాతోని కాదు."

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. అచ్చం అన్నకు తమ్ముడే.

పోయి రా పెద్దనాయనా. ఎక్కడున్నా నీ మనసు నిమ్మళంగా ఉండాలి.