ఉల్లిగడ్డ బండిలో మా నరహరన్న గొంతు

నిన్న పొద్దున ఫోన్‌లో వదిన "మీ అన్న పోయిండు చెల్లె" అంటోంది.

కింద గల్లీలో అదే అన్న మాట్లాడుతున్నాడు.

"ఏ ప్రశ్నైనా వాట్సాప్‌ల అడుగుండ్రి. లైబ్రరీ నుంచి జవాబిస్తం. పైసల్ ఏం వద్దు."

ఖాజా భాయ్ ఉల్లిగడ్డ బండి స్పీకర్ అది. అందులో రికార్డింగ్ మా అన్నది.

ఏది నమ్మాలో కాసేపు అర్థం కాలేదు.

నరహరన్న మాదన్నపేటలో మా చిన్న లైబ్రరీలో నాకు సీనియర్. నాది ఆయన పక్క టేబుల్. సొంత అన్న కాదు. కానీ ఇన్నేళ్లు టిఫిన్ డబ్బాలు పంచుకున్నాక ఆ తేడా ఎవరికి గుర్తుంటుంది? ఫలక్‌నుమాలో, ఇంట్లోనే, డ్యూటీకి రావడానికి షర్ట్ వేసుకుంటూ కూలబడ్డాడట. హార్ట్ అటాక్ అన్నారు.

కిందికి దిగి ఖాజా భాయ్‌కి చెప్పాను. స్పీకర్ ఆపేసి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎవరో ఉల్లిగడ్డలు అడిగితే "తీస్కపోండ్రి" అన్నాడు. తూకం కూడా వేయలేదు.

తెలియని వాళ్లకి ఈ బండి కథ చెప్పాలి.

లైబ్రరీలో ఆన్‌లైన్ రిఫరెన్స్ సర్వీస్ పెట్టాం. లైబ్రరీకి రాలేని వాళ్లు వాట్సాప్‌లో ప్రశ్న పంపితే, మేము పుస్తకాలూ సైట్లూ వెతికి జవాబు రాస్తాం. ఐడియా అన్నదే. పైవాళ్లు "ట్రయల్‌గా నడపండి, ప్రశ్నలు రాకపోతే తీసేస్తాం" అన్నారు.

పబ్లిసిటీ ప్లానింగ్ కోసం మీటింగ్ మీద మీటింగ్. చాయ్ మీద చాయ్.

చివరికి ఘనంగా ఏం చేశామంటే, మంచి కలర్ పోస్టర్లు వేయించి మా రీడింగ్ హాల్లోనే అంటించాం. బుక్‌మార్కులు చేయించి మా పుస్తకాల్లోనే పెట్టాం. అన్నే స్టూల్ ఎక్కి, వంకర లేకుండా అతికించాడు.

ఒక్క ప్రశ్న రాలేదు.

వారాలు గడిచాయి. ఒకరోజు పేపర్ చదువుకునే పెద్దాయన ఆ పోస్టర్ చూసి, నేరుగా అన్న దగ్గరికే వచ్చి "ఇదేందో జర చెప్పు" అన్నాడు. అన్న ఓపిగ్గా చెప్పి పంపించి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం తెలివి చెల్లె మనది? లైబ్రరీకి రానోళ్ల కోసం పెట్టి, లైబ్రరీ గోడకు చెప్తున్నం."

నాకు అప్పటికే విసుగొచ్చేసింది. "బందైతే కానీ అన్నా. మనకేం పోతది?" అన్నాను.

"మనకేం పోదు. ఇంటి పని, మిషన్ కుట్టుడు ఇడ్సిపెట్టి ఈడిదాంక రాలేని ఆడోళ్లకు పోతది."

మర్నాడు మార్కెట్‌లో ఖాజా భాయ్‌ని పట్టుకున్నాడు. ఉల్లిగడ్డ కేకల మధ్యలో మా ప్రకటన, బండి మీద మా వాట్సాప్ నంబర్. తెలుగులో ఒకసారి, దక్కనీ ఉర్దూలో ఒకసారి. ఆ బండి తిరగని గల్లీ లేదు కదా. రికార్డింగ్‌లో అన్న దగ్గు కూడా పడింది. మళ్లీ చేద్దామంటే వినలేదు.

"ఉండనీ. మనిషే జవాబిస్తడని తెలుస్తది."

మొదటి మెసేజ్ వచ్చింది. అందరం ఫోన్ చుట్టూ మూగాం.

"ఉల్లిగడ్డ కిలో ఎంత?"

నేను పడీ పడీ నవ్వాను. అన్న నవ్వలేదు. ఖాజా భాయ్‌కి ఫోన్ చేసి, ఆ రోజు రేటు కనుక్కుని, మర్యాదగా జవాబు రాశాడు. కింద "ఇంకేమన్న తెలుసుకోవాలెనా అమ్మా?" అని పెట్టాడు.

కాసేపటికి ఆమే మళ్లీ రాసింది. బిడ్డ ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడింది, ఎక్కడికి పోవాలి అని. తర్వాత ఆమె పక్కింటావిడ అడిగింది. ఆ తర్వాత ఆవిడ తోడికోడలు.

అట్లా సర్వీస్ నిలబడింది.

నిలబడడమంటే, పైవాళ్లు ప్రతిసారీ "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనడమే. ప్రతిసారీ అన్నే వెళ్లి బతిమాలేవాడు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి, ఎండలో వాడిపోయి తిరిగొచ్చేవాడు. రెస్ట్ తీసుకో అంటే వినే రకమా?

ఈ రోజు లైబ్రరీకి వెళ్లాను. వెళ్లబుద్ధి కాలేదు. ఒళ్లంతా బరువు. ఏడుద్దామన్నా ఓపిక లేదు. కానీ ఇంట్లో కూర్చున్నా అంతే.

పై ఆఫీసర్ ఫోన్ చేశారు. "పాపం, మంచి మనిషి. ఇక ఆ సర్వీస్ ఎవరు చూస్తారమ్మా? క్లోజ్ చేద్దామా?"

ఆయన తప్పేం లేదు. మా దగ్గర మనుషులు లేరు. సాయంత్రం చెప్తానని పెట్టేశాను. సరే అందామనే అనుకున్నాను, నిజంగా.

సర్వీస్ ఫోన్ ఆన్ చేశాను. ఒక మెసేజ్ ఉంది.

"సార్, మొన్న అడిగిన దానికి జవాబు రాలె. మా బిడ్డకు నర్సింగ్ సీటుకు ఏం కాయితాలు గావాలె? సర్వీస్ బందయిందా?"



"అమ్మా, సార్ నిన్న పోయారు. సర్వీస్ బంద్ కాలేదు. సాయంత్రంలోగా కనుక్కుని రాస్తాను" అని టైప్ చేశాను.

వెంటనే జవాబొచ్చింది.

"అయ్యో. నా సంగతి తర్వాత సూడుండ్రి. మీరు ఏమన్న తిన్నరా?"

నిన్నటి నుంచి ఎవరూ అడగలేదు. అప్పుడొచ్చింది ఏడుపు.

ముఖం కడుక్కుని, ఆఫీసర్‌కి ఫోన్ చేసి, నేను చూసుకుంటానని చెప్పాను. ఇప్పుడు నర్సింగ్ అడ్మిషన్ల సైట్ తెరిచి కూర్చున్నాను.

ఇక నిమ్మళంగా పండుకో, నరహరన్నా. నీకు శాంతి దొరకాలి.