మమత కాన్పుకు తోడెళ్లిన భాగ్యలక్ష్మి

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మే నెలలో భాగ్యలక్ష్మికి సరిగా కూర్చుని తిన్న పూట గుర్తు లేదు. దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో ఆమె ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి జ్వరాల సంగతి అడగాలి, మందులు ఇవ్వాలి. ఆమె కనబడితే కొందరు తలుపులు వేసుకునేవారు. రోగం ఉందని బయటపడితే ఊరు దగ్గరికి రానివ్వదని వాళ్ల భయం.

గొర్లకాపరి ఎల్లేష్ ఇంట్లోనూ అంతే. అతని భార్య మమతకు నెలలు నిండాయి. ఆమె దగ్గు వీధిలోకి వినిపిస్తోంది. అత్త భద్రమ్మ మాత్రం వాకిట్లో అడ్డం నిలబడి, ఎండదెబ్బేనంది, కషాయం పోస్తున్నామంది. భాగ్యలక్ష్మికి వాదించే ఓపిక లేదు. అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగింది. భద్రమ్మ లోపలికి వెళ్తుంటే తెరిచిన తలుపులోంచి మమత కనిపించింది. పడుకోలేక, మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఊపిరి తీస్తోంది. భాగ్యలక్ష్మి లోపలికి వెళ్లి వేలికి మిషన్ పెట్టి చూస్తే ఆక్సిజన్ తొంభై ఒకటికి పడిపోయి ఉంది.

"పెద్దమ్మా, గిది ఎండదెబ్బ గాదు. మమతకు గాలి సాలుతలేదు. కడుపుల పిల్లకు గూడ ఆమె గాలే గదా."

భద్రమ్మ కోడలి చెప్పులు తెచ్చి గడప ముందు పెట్టింది.

పరీక్షలో కరోనా అని తేలింది. దగ్గరలో ఉన్న ప్రైవేటు దవాఖాన వాళ్లు ఆ మాట వినగానే గేటు దగ్గరే ఆపేశారు. ఎండలో చాలాసేపు నిలబడ్డాక అంబులెన్స్ దొరికింది. నల్గొండ పెద్ద దవాఖాన దాకా భద్రమ్మతో పాటు భాగ్యలక్ష్మి కూడా వెంట వెళ్లింది. ఆక్సిజన్ పెట్టారు, మర్నాడు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పిల్లకు రోగం లేదు.

తల్లి మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని డాక్టరమ్మ చెప్పింది. భద్రమ్మ ఒప్పుకోలేదు, మేకపాలు పడతానని పట్టుబట్టింది. అప్పటికి భాగ్యలక్ష్మి ఆసుపత్రి వరండాలో గోడకు జారగిలబడి ఉంది.

"నేను రోజు గీ రోగం నడుమనే తిరుగుతున్న. ఇంటికి పోయి నా పిల్లలకు బువ్వ పెడుతున్న. మాస్కు, సబ్బు తప్ప నాకేమున్నది పెద్దమ్మా?"

భద్రమ్మ పిల్లను తల్లి పక్కకు చేర్చింది.

మమత కోలుకుని ఇంటికి వచ్చేసరికి భాగ్యలక్ష్మి జ్వరంతో పడకేసింది. వాసన తెలియదు, అన్నం గొంతు దిగదు. ఎల్లేష్ ఇంటి నుంచి రోజూ అంబలి వచ్చేది. మళ్లీ లేచి తిరగడం మొదలుపెట్టాక నాలుగడుగులు వేస్తేనే ఆయాసం. వానాకాలంలో గర్భిణులకూ కరోనా టీకా వేయవచ్చని కబురొస్తే చెప్పడానికి బయలుదేరింది. మొదటి ఇంట్లోనే, కడుపులో బిడ్డకు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారని అడిగారు. ఆమె అరుగు మీద కూర్చుని, కాస్త ఊపిరి తీసుకుని, మమత సంగతి మొదటి నుంచీ చెప్పసాగింది.