ముప్పై ఏడున్నర

మా అన్నయ్యకు పుట్టుకతోనే తొందర లేదు. టీ చల్లారి మీగడ కట్టేదాకా కప్పు ముట్టుకోడు. అలాంటి మనిషి ఉద్యోగంలో ఒకే ఒక్కసారి తొందరపడ్డాడు, అదీ మా వదిన మాట పట్టుకుని.

అన్నయ్యది కంప్యూటర్ భాషకు ఇంటర్నెట్‌లో ఉండే వాడుక పుస్తకం రాసే పని. ఏ ఆదేశం ఇస్తే ఏం జరుగుతుందో ప్రోగ్రాములు రాసేవాళ్లకు విడమరిచి చెప్పాలి. ప్రతి పేజీలో ఒక ఉదాహరణ ఉండాలి, దాన్ని కంప్యూటర్‌లో నడిపి చూశాకే రాయాలి. ఆ ఉదాహరణలకు అంకెలు మాత్రం ఏనాడూ తను ఆలోచించలేదు. గదిలోంచి ఒక అంకె చెప్పమని కేకేసేవాడు. వదిన చేతిలో ఏ పనుంటే అందులోంచే ఒకటి విసిరేది, ఎక్కిన బస్సు నంబరో, డబ్బాలో మిగిలిన గుడ్ల లెక్కో.

పదకొండేళ్ల కిందట, దశాంశాన్ని పూర్ణాంకంగా మార్చే ఆదేశం గురించి రాస్తూ అలాగే అడిగాడు. వదిన స్టూలెక్కి కిటికీకి టేపు పట్టి ఉంది. స్టూలు కదలకుండా పట్టుకున్నది నేనే. ముప్పై ఏడున్నర అంది. ఆ వెంటనే, "ముప్పై ఎనిమిది వేసుకోండి, అర కుట్టులో పోతుంది" అంది. ఆ మహాతల్లి చెప్పింది కర్టెన్ గుడ్డ సంగతి. ఈయనగారు 37.5 ఇస్తే 38 వస్తుందని రాసేసి, నడిపి చూడకుండానే పంపేశాడు. నిజానికి ఆ ఆదేశం చుక్క తర్వాత ఏమున్నా కత్తిరించేస్తుంది. వచ్చేది 37.

వదిన పోయి రెండేళ్లయింది. కిందటి నెల ఎవరో ఆ తప్పు పట్టుకున్నారు. ఆ పేజీని నమ్మి రాసిన ప్రోగ్రాంలో కొలతలన్నీ తేడా కొట్టాయని, రెండు రోజులు తల పట్టుకు కూర్చున్నామని రాశారు. సరిచేయడం ఎంతసేపు, మార్చాల్సింది ఒక్క అంకె. అన్నయ్య మార్చలేదు. ఆఫీసువాళ్లు మూడుసార్లు గుర్తుచేసి, శుక్రవారంలోగా చేయకపోతే ఆ పేజీ వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు.

సంగతి తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ఇంటికి వెళ్లాను. బల్లకు రెండు కుర్చీలు, ఒకదాని మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. మంచినీళ్లడిగితే తను తాగిన గ్లాసే కడిగి ఇచ్చాడు. గొంతు పెగల్చుకుని పలకరించిన తీరు చూస్తే, ఆ రెండు మూడు రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదని తెలిసిపోయింది. అయినా తిట్టాలని వచ్చాను కాబట్టి తిట్టాను. పదకొండేళ్లుగా జనాన్ని తప్పుదారి పట్టిస్తూ, తెలిశాక కూడా చేతులు ముడుచుకు కూర్చున్నావు, నీకు బుద్ధుందా అన్నాను.

అన్నయ్య దుమ్ము పట్టిన కుర్చీ వైపు చూశాడు.

"మిగతా పేజీల్లో తను చెప్పిన అంకెలే ఉన్నాయి. జవాబు చెప్పింది ఆ ఒక్క పేజీలోనే. దాన్ని నా చేత్తో ఎలా కొట్టేయనే?"

కిటికీకి ఇంకా ఆ కర్టెనే వేలాడుతోంది. రంగు వెలిసింది గానీ, కుట్టు ఒక్కచోటా ఊడలేదు. గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసి, పంపేశానన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచాను. 37.5 ఇస్తే 37 అని ఉంది. దాని కింద ఇదివరకు లేని రెండు వాక్యాలు. "చాలామంది 38 వస్తుందనుకుంటారు. ఈ ఆదేశం దగ్గరి పూర్ణాంకానికి సవరించదు, చుక్క తర్వాతి భాగాన్ని వదిలేస్తుంది."

బాగుందన్నాను. ఊరుకుంటే నేనెందుకవుతాను, చాలామంది అంటే ఎంతమందో లెక్క తీశావా అని అడిగాను. ఆఫీసువాళ్లూ అదే అడిగారట. అలా అనుకునేవాళ్లు తనకు బాగా తెలుసని చెప్పి ఒప్పించాడట.

"ఎవరు వాళ్లు?" అన్నాను.

"మీ వదినొక్కతే" అన్నాడు.