ఆ రాజు వేషం

మా హళ్ళిఖేడ్‌లో నాటకాలు ఆడించిన పంతులు పద్యం విని వేషం ఇచ్చేవాడు కాదు. పద్యం అయ్యాక హార్మోనియం ఆపేసి, మన ముఖంలోకి చూసేవాడు. ఆ చూపు నాకెప్పుడూ నచ్చలేదు.

ఒక జాతరకు, రాజ్యం పోగొట్టుకుని చనిపోయే రాజు కథ ఎత్తుకున్నాడు. ఊళ్ళో నా గొంతుకు సాటి లేదు. అయినా రాజు వేషం శ్రుతి తప్పే నా బావమరిదికి ఇచ్చాడు.

"నా గొంతుల ఏం తక్కువైంది పంతులూ?" అని అడిగాను.

"గొంతుల గాదు తమ్మీ, మొఖంల. రాజును చంపేది శత్రువులు గాదు, ఆయన జిద్దే, ఆ మొండితనమే. సచ్చేముందు అది ఆయనకు ఎరుకైతది. గప్పుడే జనం ఏడుస్తరు. నువ్వు ఆఖరి పద్యంల గూడ ఎదుటోళ్ళనే గుర్రుగ చూస్తున్నవ్."

అందరి ముందూ అన్నాడు. నేను మళ్ళీ ఆయన గడప తొక్కలేదు.

తరువాత కుర్రాళ్ళు రికార్డు పాటలు కలుపుదామంటే ఆయన ససేమిరా అన్నాడు. ఒక్కొక్కరే మానేశారు. నాటకమే ఆగిపోయింది.

మొన్న హుమ్నాబాద్ బస్టాండులో పంతులు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "నా జిద్దుతోనే నాటకం మునిగింది. తప్పు నాదే," అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసిన మాట అది. "మరి నా వేషం సంగతేంది?" అన్నాను.

హార్మోనియం ఆపినప్పటిలాగే నా ముఖంలోకి చూశాడు. "అది తప్పు గాదు తమ్మీ."

బస్సు వచ్చింది. ఆయన కష్టంగా ఎక్కి, కింద ఉన్న సంచి అందించమని నా వైపు చెయ్యి చాపాడు. నేను చూడనట్టే కూర్చున్నాను. కండక్టరు అందించాడు.