కాలువ గట్టున హామో

బార్లీ బీరు కాచి అమ్మే ఆల్డిత్ మా పక్కింటావిడ. పిల్లలు లేరు. గొర్రెలు కాసే మొగుడు హామో నోరున్న మనిషి. పొద్దున్నే వాళ్ల పోట్లాట వినపడితేనే మా వీధికి తెల్లవారినట్టు.

అప్పుడే రాజుగారికీ పెద్ద బిషప్పుకీ చెడింది. పాత బిషప్పు పోతే ఆ పీఠం మీద తన మనిషే కూర్చోవాలని రాజు పట్టుబట్టాడు. రోములోని పోపు ఇంకొకర్ని పెడితే, ఆయన్ని మన దేశం ఒడ్డున కాలు పెట్టనివ్వలేదు. దాంతో పోపు ఇంగ్లండంతటా చర్చిలు మూయించాడు. గంటలు ఆగిపోయాయి. చచ్చినవాళ్లకు చర్చి ఆవరణలో చోటు లేకుండా పోయింది.

రెండో ఏటి చలికాలంలో హామో జ్వరంతో పోయాడు. ఆల్డిత్ వెళ్లి మా ఊరి చర్చి ఫాదర్ ఆస్బర్న్ కాళ్ల దగ్గర కూలబడింది.

"వాళ్లమ్మ పక్కన ఆరడుగులు ఇవ్వండి ఫాదర్."

"నా చేతుల్లో ఏముందమ్మా? రాజు దిగొచ్చేదాకా అక్కడ పార పడకూడదు."

"ఆ రాజు మొహం మావాడు ఎప్పుడన్నా చూశాడా? బిషప్పుని చూశాడా? వాళ్లిద్దరికీ పడకపోతే నా మొగుణ్ణి గట్టున పారెయ్యాలా?"

ఫాదర్ ఆమెను చెయ్యి పట్టి లేపాడు. ఆవరణ గేటు తాళంచెవి మాత్రం తియ్యలేదు.

ఊరి బయట కాలువ గట్టున పూడ్చాం. ప్రార్థన లేదు. మా ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు, అంతే.

ఆ తర్వాత ఆమె రోజూ అక్కడికెళ్లి కూర్చునేది. ఓసారి నేను కట్టెలకు వెళ్తుంటే వినపడింది: "గొర్రెలకు గాలికుంటు వచ్చింది, విన్నావా? నీకేం, హాయిగా పడుకున్నావు!"

"ఎవరితో వదినా ఆ గొడవ?" అన్నాను.

"ఎదురు చెప్పట్లేదే. అదే నా బాధ."

నాలుగేళ్లు అలాగే గడిచాయి. గట్టున ఇంకో తొమ్మిది మందిని పూడ్చాం. ఒక వసంతంలో వరదొచ్చి మట్టి కుప్పలన్నీ చదునైపోయాయి. ఆఖరికి రాజు బిషప్పుకి తలవంచాడు. మళ్లీ గంటలు మోగాయి. జనం వీధుల్లో ఏడుస్తూ నవ్వుతూ తిరిగారు. ఎవరివాళ్ల ఎముకలు వాళ్లు తవ్వి తెచ్చుకుంటే ఆవరణలో పూడుస్తానని ఫాదర్ కబురు పెట్టాడు.

మా ఆయన గట్టు తవ్వాడు. ఎముకలన్నీ కలిసిపోయి ఉన్నాయి. "ఇది హామోదేమో చూడు వదినా," అంటూ ఒక పుర్రె అందించాడు.

ఆల్డిత్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమో నాయనా. మాట వింటే గుర్తుపట్టేదాన్ని. ఎవడో పరాయివాణ్ణి తెచ్చి మా అత్త పక్కన పడుకోబెట్టలేను. కప్పెట్టెయ్."

మిగతావాళ్లు తోచిన ఎముకలు మూటగట్టుకుని వెళ్లారు. ఆమె ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది.

ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నన్ను గట్టునే పెట్టించు," అంది. ఫాదర్ ఒప్పుకోలేదు. "పవిత్రమైన నేల ఉండగా గట్టునా? ఆ పాపం నేను మొయ్యలేను," అన్నాడు.

కొవ్వొత్తులతో, ప్రార్థనలతో, అన్ని మర్యాదలతో ఆవరణలోనే పూడ్చారు. ఊరంతా వచ్చింది. నాకు మాత్రం ఆమెను ఒంటరిగా వదిలేసి వచ్చినట్టే అనిపించింది.