మగ్గం గుంతలో తడి

ధర్మవరంలో చిత్రావతి ఒడ్డున ఏటిగడ్డ వీధి ఉంది. ఏరని పేరేగానీ, అందులో మేకలు మేసేవి, పిల్లలు బంతాట ఆడేవాళ్ళు. ఈ కరువుసీమలో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయిలే అన్న ధీమాతో జనం ఇసుక దాకా గోడలు జరుపుకుంటూ పోయారు. భద్రమ్మ ఆ వీధికి కోడలుగా వచ్చి ముప్పై ఏళ్ళు. అన్నేళ్ళూ ఆమె కాళ్ళు మగ్గం గుంతలోనే ఉన్నాయి.

ఎండకు పట్టుపోగు పెళుసెక్కి ఊరికే తెగుతుంది. అందుకే పొద్దున్నే గుంతలో చెంబెడు నీళ్ళు చల్లి, ఆ తడి మీద నేయడం వాళ్ళ అలవాటు. నేతగాళ్ళకు తడంటే లక్ష్మి.

ఆ అక్టోబరులో ఒకరోజు నీళ్ళు చల్లకుండానే గుంత చెమ్మగా ఉంది. టిఫిను వేళ దాకా ఒక్క పోగూ తెగలేదు. పక్షవాతంతో లోపలి గదిలో మంచం పట్టిన మొగుడు గంగాధరప్పకు ఆ మాట చెప్పి మురిసిపోయింది. ఆయనా ఒకప్పటి నేతగాడే కాబట్టి తానూ మురిశాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు! కాసేపటికి కాలివేళ్ళు మునిగాయి. ఆపైన చీలమండలు మునిగాయి.

ఎదురింటి పీరాంబీ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఏరొచ్చింది. పైన చెరువులన్నీ నిండి మరవ పారుతాండాయంట. లెయ్."

అప్పటికే గుంత నిండి నీళ్ళు గచ్చు మీదికి పొర్లుతున్నాయి. భద్రమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ముప్పై ఏళ్ళు నేసినదాన్ని, చల్లిన తడేదో ఊరిన తడేదో తెలుసుకోలేకపోతినే అని తల బాదుకుంది. మొగుణ్ణి లేపబోతే లేవలేదు. ఆయన పనిచేసే ఒక్క చేత్తో ఆమె కొంగు పట్టుకుని, "నన్నిడిసి పోవాకు" అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ మంచాన్ని చెరోవైపు ఎత్తి, నడుంలోతు నీళ్ళలో వీధి దాటించి, పీరాంబీ మిద్దె మెట్ల మీదికి చేర్చారు. వెనక సగం నేసిన చీరతో సహా మగ్గం మునిగింది. భద్రమ్మ దాని వైపు చూడనైనా లేదు.

ఏరు తీశాక బురద ఎత్తిపోసి మగ్గం మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు రోజూ తెల్లవారగానే ఆమె గుంతలోకి దిగి అడుగంతా చేత్తో తడిమి చూస్తుంది. నీళ్ళు మాత్రం చల్లదు. పోగులు టపటపా తెగుతుంటాయి. చెంబెడు చల్లుకోమని పీరాంబీ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"తెగనీలే పీరాంబీ. ముడేసుకుంటా. తడి తగిలితే నాకు కాళ్ళాడవు" అంది.

పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది. ఆగినప్పుడల్లా లోపల గంగాధరప్ప ఊపిరి బిగబడతాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే ముడి వేయకముందే గట్టిగా చెబుతుంది:

"పోగేనయ్యా. పోగే తెగింది."